మాధుర్యం అనే కొలత: నటి గొంతు గురించి

నటీమణుల మీద తెలుగులో వచ్చిన వ్యాసాలు చదువుతుంటే నాకొకటి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. కళ్ళ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. కనుబొమల గురించి, చిరునవ్వు గురించి, చీరకట్టు గురించి కూడా రాస్తారు. గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క విశేషణంతో సరిపెట్టేస్తారు. 'తీయని గొంతు', 'కోకిల కంఠం', 'వీణ మీటినట్లు'. అంతే. అదే నటుడి విషయానికొస్తే 'కంచు కంఠం', 'మేఘగంభీర స్వరం', 'డైలాగ్ డెలివరీ', 'వాచికంలో ఉద్దండుడు' అంటూ వాక్యాలు సాగుతాయి. మగవాడి గొంతు ఏం చేసిందో చెప్తారు. ఆడదాని గొంతు ఎలా ఉందో చెప్తారు. ఒకటి పని, ఇంకొకటి లక్షణం.

ఈ తేడా నాటకరంగంలోనో సినిమాలోనో పుట్టింది కాదు, మన భాషలోనే ఉంది. బాగా మాట్లాడే మగవాడికి 'వాగ్ధాటి' ఉంటుంది. బాగా మాట్లాడే ఆడదానికి 'నోరు' ఉంటుంది. 'ఆవిడకి నోరెక్కువ' అన్న మాటను మగవాడికి అన్వయించి చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో. గొంతు అనేది శిక్షణతో, సాధనతో వచ్చే పనిముట్టు అనీ, నటుడికి అది సగం బలమనీ ఒప్పుకునేవాళ్ళు కూడా నటి దగ్గరికి వచ్చేసరికి దాన్ని పుట్టుకతో వచ్చిన అందాల్లో ఒకటిగా జమకడతారు. అందుకే నటి గొంతును ఎలా వాడుకుంటుంది, వాడుకోనిస్తున్నారా, ఎవరి గొంతును ఎవరి ఒంటికి అతికిస్తున్నారు అన్న ప్రశ్నలు మన విమర్శలో రావలసినంతగా రాలేదు. వాచికాన్ని జెండర్ కోణం నుంచి చూడకుండా నటన గురించి మాట్లాడటం సగం మాట్లాడటమే అని నా అభిప్రాయం.

మూలానికి వెళ్దాం. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించింది నాట్యశాస్త్రం. వాచికం గురించి అది చెప్పిన విషయాలు ఈనాటికీ పనికొచ్చేవి. గొంతుకు మూడు స్థానాలు చెప్పింది: ఉరస్సు, కంఠం, శిరస్సు. పక్కనే ఉన్న మనిషితో మాట్లాడటానికి ఛాతీ నుంచి, కాస్త దూరంలో ఉన్నవాళ్ళతో కంఠం నుంచి, బాగా దూరాన ఉన్నవాళ్ళను పిలవడానికి శిరస్సు నుంచి పలకాలంది. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అని ఆరు అలంకారాలు చెప్పింది. మాట అదే అయినా పలికే తీరుతో అర్థం మారిపోవడాన్ని 'కాకువు' అంది. ఎక్కడ ఆపాలి, ఎక్కడ కలపాలి, ఎక్కడ రగిలించాలి, ఎక్కడ చల్లార్చాలి అన్నవాటికి కూడా పేర్లు పెట్టింది. నటనలో గొంతును ఒక పనిగా, ఒక విద్యగా చూసిన శాస్త్రం అది.

అదే శాస్త్రం ఇంకో మాట కూడా చెప్పింది. స్త్రీల కంఠం స్వభావరీత్యా మధురం, పురుషులది బలం కలది, కాబట్టి గానం ఎక్కువగా స్త్రీలకు, పాఠ్యం అంటే వాచికం పురుషులకు తగినవి అంది. 'స్వభావం' అన్న మాటే అసలు చిక్కు. సాధన చేస్తే ఎవరికైనా పట్టుబడే విద్య అని ఒక అధ్యాయంలో చెప్పి, మరోచోట దాన్ని పుట్టుకతో ముడిపెట్టారు. అంతేకాదు, భాషలను కూడా పంచిపెట్టారు. ఉత్తమ పురుష పాత్రలకు సంస్కృతం, స్త్రీలకూ కింది వర్గాల పాత్రలకూ ప్రాకృతాలు. రాణికీ, వేశ్యకూ, కళావతికీ సందర్భాన్ని బట్టి సంస్కృతం పలికే వెసులుబాటు ఇచ్చారు కానీ అది మినహాయింపే. భర్త ఒక భాషలో మాట్లాడుతుంటే భార్య ఇంకో భాషలో జవాబు చెప్పే రంగస్థలం అది. రంగం మీద ఎవరు ఏ స్థాయిలో, ఏ యాసలో పలకాలన్నది కళా నియమంగా కనిపించే సామాజిక నియమం. ఈ పంపకం రెండు వేల ఏళ్ళ కిందటి ముచ్చటే కదా అనుకోవడానికి లేదు. మన సినిమాల దగ్గరికి వచ్చేటప్పటికి అది మళ్ళీ ఎదురవుతుంది.

తెలుగు రంగస్థలం మీద స్త్రీ గొంతుకు చాలాకాలం వరకు మగవాడే ప్రతినిధి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ పాత్రతో వేదాంతం సత్యనారాయణశర్మ పేరు పెనవేసుకుపోయింది. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా స్థానం నరసింహారావు గారిని చూసి ఆడవాళ్ళే ముక్కున వేలేసుకున్నారని చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మగ గొంతుతో ఆడ పాత్రకు అలక, అతిశయం, దైన్యం పలికించడానికి ఎంత సాధన కావాలో నాటకం తెలిసినవాళ్ళకు తెలుసు. గొంతు స్వభావం కాదనీ, విద్య అనీ నిరూపించినవాళ్ళే వాళ్ళు. కానీ ఆ విద్య ఫలితంగా తయారైనది మగవాడు ఊహించిన ఆడ గొంతు. వయ్యారం, సాగదీత, మాట చివర ముద్దు. ఆ తర్వాత రంగం మీదికి వచ్చిన నిజమైన స్త్రీలను ఆ నమూనాతోనే కొలిచారు. ఆడది ఆడదానిలా పలకడం లేదని నటీమణులకు మగ దర్శకులు నేర్పించే విచిత్రం అలా మొదలైంది.

దీనికి భిన్నమైన పాయ కూడా మనకుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజాల్లో కుటుంబమంతా నటులే. అక్కడ ఆడపిల్లలు రంగం వెనక ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచే పద్యం వింటూ పెరిగారు, స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. అవసరమైతే పురుష పాత్రలూ వేశారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. తెలుగు సినిమా మాట నేర్చిన రోజున అందులో వినిపించిన స్త్రీ గొంతు నాటకంలో రాటుదేలిన గొంతు. మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించాల్సిన గొంతు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత ఏం పోగొట్టుకున్నామో అప్పుడే అర్థమవుతుంది.

పరిషత్తు నాటకాలు దగ్గరగా చూసినదాన్ని కాబట్టి అక్కడి సంగతి కూడా చెప్పాలి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన నాటి నుంచి పోటీ నాటకానికి మన దగ్గర పెద్ద చరిత్ర ఉంది. సమాజంలోని మగ నటులు సాయంత్రాలు కలిసి నెలల తరబడి రిహార్సల్స్ వేసుకుంటారు. నటి మాత్రం చివరి రెండు మూడు రోజులకు వస్తుంది. డబ్బు తీసుకుని వచ్చే వృత్తి నటి ఆమె. అదే పరిషత్తులో మూడు నాలుగు సమాజాలకు వేరు వేరు పాత్రలు వేస్తుంది, వేరు వేరు ఊళ్ళ బస్సులు పట్టుకుంటుంది. గొంతు కూర్చుకోవడానికి, ఎదుటి నటుడి శ్రుతిని వినడానికి, ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి ఆమెకు సమయం ఎక్కడుంది? వచ్చిన గొంతుతో, ముందు నాటకంలో అరిచి బొంగురుపోయిన గొంతుతో రంగమెక్కుతుంది. అలా నటించిన ఒక నటి గురించి ఒక న్యాయనిర్ణేత 'స్త్రీ పాత్రకు తగిన మాధుర్యం లోపించింది' అనడం నా చెవులతో విన్నాను. ఆమె వేసింది భర్త చేతిలో దెబ్బలు తిని పోలీస్ స్టేషనుకు వచ్చిన మనిషి పాత్ర. ఆ పాత్రకు మాధుర్యం ఎందుకు ఉండాలని ఎవరూ అడగలేదు.

ఇంతకీ గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? స్వరపేటికలో ఉండే రెండు చిన్న మడతలు ఊపిరి తాకిడికి కంపిస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళలో అవి సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్ళలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. ప్రకృతి ఇచ్చిన తేడా అంతవరకే. ఆ కంపనానికి నిండుదనం ఇచ్చేది ఛాతీ, గొంతు, నోరు, తలలో ఉండే ఖాళీలు. శక్తి ఇచ్చేది డయాఫ్రమ్ అనే కండర పొర కిందికి దిగి పొట్టను ముందుకు నెట్టేటప్పుడు లోపలికొచ్చే ఊపిరి. అంటే గొంతుకు పునాది పొట్టలో ఉంది. పొట్ట లోపలికి లాక్కుని, భుజాలు ముడుచుకుని, పైట సర్దుకుంటూ నిలబడమని పన్నెండో ఏట నుంచి నేర్పిన శరీరంలో ఊపిరి ఎంత లోతుకు దిగుతుంది?

ఆధునిక నటశిక్షణలో గొంతుకు శాస్త్రీయమైన పద్ధతులు ఏర్పరచిన వాళ్ళలో ఇద్దరు స్త్రీలు ముఖ్యులు. ఇంగ్లండులో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో 1969 నుంచి గొంతు శిక్షణ బాధ్యత చూసిన సిసిలీ బెర్రీ, స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన క్రిస్టిన్ లింక్లేటర్. లింక్లేటర్ పుస్తకం 1976లో వచ్చింది. ఆమె చెప్పినదాని సారాంశం ఏమిటంటే, నటుడికి కొత్త గొంతు తయారుచేయనక్కర్లేదు, ఉన్న గొంతుకు అడ్డుపడుతున్నవాటిని తొలగిస్తే చాలు. బిగుసుకున్న దవడ, లోపలికి లాక్కున్న పొట్ట, నొక్కిపెట్టిన ఊపిరి. ఇవన్నీ మనం బతికిన బతుకు ఒంట్లో వదిలిన గుర్తులు. ఈ మాట చదివినప్పుడు నాకు ఇది నటశిక్షణ గురించి రాసిన వాక్యంలా అనిపించలేదు. మన ఇళ్ళలో ఆడపిల్లల పెంపకం గురించి రాసినట్లనిపించింది.

ఒక మహిళా కళాశాలలో నాటక శిక్షణ శిబిరానికి వెళ్ళినప్పుడు విద్యార్థినులతో ఒక చిన్న అభ్యాసం చేయించాను. 'వద్దు' అన్న ఒక్క మాటను పది రకాలుగా పలకమన్నాను. బతిమాలే 'వద్దు', గారాల 'వద్దు', భయపడే 'వద్దు', అలిగిన 'వద్దు' అన్నీ అలవోకగా వచ్చేశాయి. నిజంగా వద్దనే 'వద్దు', అంటే వివరణ ఇవ్వని, క్షమాపణ కలవని, చివర స్వరం పైకి లేచి ప్రశ్నగా మారని 'వద్దు' చాలామందికి రాలేదు. పలకబోయి నవ్వేసేవాళ్ళు. మాట సగంలో ఊపిరి అయిపోయేది. దాన్ని సాధించడానికి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీయించాల్సి వచ్చింది. రెండు రోజులకు ఒక్కొక్కరి గొంతూ ఛాతీలోకి దిగింది. 'మేడమ్, ఇది నా గొంతేనా' అని ఒకమ్మాయి ఆశ్చర్యపోయింది. నటి గొంతు అన్నది కేవలం కళకు సంబంధించిన సమస్య కాదని నేను అనడానికి కారణం ఇదే. రంగం మీద 'వద్దు' అనలేని శరీరం బయట కూడా ఆ మాట అనడానికి తడబడుతుంది.

అయితే ఈ మాట అందరి ఆడవాళ్ళకూ ఒకేలా వర్తించదు. అదే శిబిరంలో ఒకమ్మాయి మొదటి రోజే గది దద్దరిల్లేలా పలికింది. వాళ్ళమ్మ తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతుంది. సెలవుల్లో ఈ అమ్మాయీ బండితో వెళ్తుంది. మూడో అంతస్తులో ఉన్నవాళ్ళకు వినపడేలా పిలవడం ఆమెకు బతుకుతెరువు. నాట్లేసే ఆడవాళ్ళు పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పాట అందించుకుంటారు. గొంతు తగ్గించమన్న కట్టడి ప్రధానంగా ఇంటి గోడల మధ్య ఉన్న అగ్రకుల, మధ్యతరగతి స్త్రీలది. శ్రమ చేసే కులాల స్త్రీలకు గొంతు ఉంది. కానీ ఆ గొంతుకు వేదిక లేదు. ఉన్నా, దాని యాసకు గౌరవం లేదు. ఒకరికి స్థాయి నిరాకరించారు, ఇంకొకరికి భాష నిరాకరించారు. ఈ రెండింటినీ కలిపేసి 'ఆడవాళ్ళకు గొంతు లేదు' అనేస్తే మనం కూడా సగం మంది ఆడవాళ్ళ గొంతు వినలేదన్నమాట.

ఆ శ్రమ గొంతును వేదిక ఎక్కించిన ఘట్టం మన చరిత్రలో ఒకటుంది. 1940లలో ప్రజానాట్యమండలి ఉద్యమంలో మోటూరి ఉదయం నడిపిన మహిళా బుర్రకథ దళం. బుర్రకథలో కథకుడు తంబుర మీటుతూ, అడుగులేస్తూ, పాడుతూ, మాట్లాడుతూ, ఒక్కడే పది పాత్రలుగా మారాలి. రెండు పక్కలా వంతలు. ఆరుబయట, వేలమంది జనం. మగవాళ్ళ కళగా ఉన్న ఆ రూపంలో ఆడవాళ్ళు నిలబడి వీరరసం పలికించారు. వాళ్ళ గొంతు మధురంగా ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు, కథ జనానికి చేరిందా లేదా అన్నదే ప్రశ్న. నటి వాచికానికి అసలైన కొలత అదేనని నేననుకుంటాను.

సినిమా తొలి తరంలో ఈ కొలత కొంతవరకైనా నిలిచింది. కన్నాంబ నాటకం నుంచి వచ్చిన మనిషి. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మ ఆమె. రాజకీయం నడిపే స్త్రీకి ఎలాంటి గొంతు ఉండాలో ఆ పాత్ర చెప్తుంది. అంతకుముందే 1942లో తమిళంలో 'కణ్ణగి'గా నటించి, తన మాతృభాష కాని భాషలో సొంత గొంతుతో రాజసభను నిలదీసింది. భాష రాదు కాబట్టి వేరే గొంతు తప్పదు అన్న వాదన విన్నప్పుడల్లా నాకు కన్నాంబ గుర్తొస్తుంది. భానుమతి మాటా పాటా రెండూ తనవే. రాత కూడా తనదే, 1953లో 'చండీరాణి'తో దర్శకత్వమూ తనదే. 'మల్లీశ్వరి'లో (1951) ఆమె మాట్లాడే మాటలకూ పాడే పాటలకూ మధ్య అతుకు కనపడకపోవడానికి కారణం ఆ రెండూ ఒకే ఊపిరి నుంచి రావడమే. 'పొగరు' అని ఆమె గురించి వాడిన మాట నిజానికి ఆమె గొంతుకు పెట్టిన పేరు.

సావిత్రి దారి వేరు. ఆమె గొంతు పెంచి కాకుండా తగ్గించి గెలిచింది. 'దేవదాసు'లో (1953) పార్వతి మాటలు జాగ్రత్తగా వినండి. మాటకూ మాటకూ మధ్య విరామంలోనే నటన ఎక్కువ. నాట్యశాస్త్రం చెప్పిన మంద్రం ఎలా ఉంటుందో వినాలంటే అక్కడ వినొచ్చు. 1957 నాటి 'మాయాబజార్' ఇంకో సంగతి చెప్తుంది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడి పెళ్ళి సందడి పాటలో సుశీల గొంతు మధ్యలో హఠాత్తుగా ఘంటసాల గొంతు వినిపిస్తుంది. హాలంతా నవ్వుతుంది. రెండు అరువు గొంతులనూ ముఖం మీదికి, భుజాల మీదికి, నడక మీదికి తెచ్చుకుని తన చేసుకున్న సావిత్రి ప్రజ్ఞ అసాధారణం. కానీ ఆ నవ్వు ఎందుకు పుట్టిందో కూడా ఆలోచించాలి. ఆడ శరీరంలోంచి బలమైన గొంతు వచ్చిందంటే లోపల మగవాడో రాక్షసుడో ఉండి తీరాలన్న ఊహ మీద ఆ హాస్యం నిలబడింది.

ఆ ఊహకు ఇంకో రూపం సూర్యకాంతం. తెలుగు సినిమాలో స్త్రీ గొంతుకు ఉన్న పూర్తి వ్యాప్తిని, అంటే హెచ్చును, తగ్గును, వేగాన్ని, వెటకారాన్ని ఒక్క వాక్యంలో చూపించగలిగిన నటి ఆమె. కాకువు మీద పాఠం చెప్పాలంటే నేను ఆమె సంభాషణలే ఎంచుకుంటాను. అంతటి గొంతును మన సినిమా ఏ పాత్రలకు కేటాయించింది? గయ్యాళి అత్తకు, సవతి తల్లికి. 1962లో ఆమె పాత్ర పేరే సినిమా పేరయింది, 'గుండమ్మ కథ'. కానీ కథ ఆమె నోరు మూయించడంలోనే ముగుస్తుంది. నాయికకు మాధుర్యం, గయ్యాళికి బలం. స్త్రీ గొంతును రెండు ముక్కలు చేసి ఇద్దరు ఆడవాళ్ళకు పంచారు. తన కూతురికి సూర్యకాంతం అని పేరు పెట్టుకోవడానికి తెలుగువాళ్ళు జంకారన్న మాటను మనం సరదాగా చెప్పుకుంటాం. అందులో సరదా ఏముంది?

ఆ తర్వాతి దశాబ్దాల్లో ముక్కలు చేయడం ఇంకో మెట్టు ఎక్కింది. నాయిక ఒళ్ళు ఒకరిది, గొంతు ఇంకొకరిది అయింది. తెలుగు రాని నాయికలను తేవడం ఎక్కువైంది. సెట్లో పెదవులు కదిలిస్తే చాలు, మాట తర్వాత డబ్బింగ్ థియేటర్లో వస్తుంది. బాలనటిగా 'భక్త ప్రహ్లాద'లో (1967) మెప్పించిన రోజారమణి, నటిగా తనకంటూ పేరున్న సరిత ఎందరో నాయికలకు గొంతు ఇచ్చారు. డబ్బింగ్ చెప్పడం నటన కాదనే మాట నేను ఒప్పుకోను. తెర మీద మరొకరి పెదవుల కదలికకు, మరొకరి ఊపిరికి తన ఊపిరిని కుదించుకుని, నిలబడ్డ చోట నిలబడి, పరుగునూ ఏడుపునూ పలికించడం గొప్ప వాచికాభినయం. నా తగాదా వాళ్ళ కళతో కాదు, ఆ కళను వాడుకున్న తీరుతో.

మొదటిది, నాయిక గొంతు వయసు తగ్గుతూ వచ్చింది. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి కూడా ఐదో తరగతి పిల్లలా మాట్లాడితేనే ముద్దు అనే వాడుక స్థిరపడింది. 'బొమ్మరిల్లు' (2006) హాసినికి గొంతిచ్చిన సవితారెడ్డి నేర్పు చాలా గొప్పది. కానీ ఆ విజయం తర్వాత వరసగా వచ్చిన నాయికల గొంతులు హాసినికి నకళ్ళుగా మిగిలిపోయాయి. రెండోది, గొంతిచ్చినవాళ్ళ పేరు. 2009లో వచ్చిన 'అరుంధతి'లో ప్రతినాయకుడికి గొంతిచ్చిన రవిశంకర్ ఇంటిపేరే 'బొమ్మాళి' అయిపోయింది. మంచిదే, ఆయన అర్హుడు. కథంతా తన మీద మోసిన జేజెమ్మకు గొంతిచ్చిందెవరో మనలో ఎంతమందికి తెలుసు? మగ గొంతు అరువిచ్చినా యజమాని పేరు నిలుస్తుంది. ఆడ గొంతు అరువిస్తే ఆ ఒంట్లో కలిసిపోయి మాయమవుతుంది.

ఈ విషయంలో రేడియో మనకు వేరే పాఠం నేర్పింది. రేడియో నాటకంలో ఒళ్ళు లేదు, ముఖం లేదు, చీర లేదు. అయినా నటి ఉంది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో శారదా శ్రీనివాసన్ గారి గొంతు వింటూ పెరిగిన తరం మాది. చలం 'పురూరవ'లో ఆమె ఊర్వశి. చలం రాసిన ఊర్వశి పురూరవుడికి లొంగే స్త్రీ కాదు, అతనికి ప్రేమంటే ఏమిటో నేర్పే స్త్రీ. దాన్ని పలకడానికి తేనె చాలదు. నిదానం కావాలి, జాలి కావాలి, ఎదుటివాడిని దాటి చూసే దూరం కావాలి. అవన్నీ ఒక్క గొంతులో వినిపించాయి. ఇంకొక చిన్న విషయం. రేడియో నాటకంలో పాత్రధారుల పేర్లు చదివి వినిపించేవారు. ముఖం తెలియకపోయినా పేరు తెలిసేది. ఒళ్ళు కనపడని చోట స్త్రీ గొంతుకు దక్కిన గౌరవం, ఒళ్ళు ఇంతింత కనిపించే చోట దక్కకపోవడం యాదృచ్ఛికం కాదు.

ఇటీవలి కాలంలో కొంత కదలిక వచ్చింది. 'ఫిదా'లో (2017) భానుమతి పాత్రకు సాయిపల్లవి తానే తెలంగాణ తెలుగులో మాట్లాడింది. ఆమె మాతృభాష తెలుగు కాదు. అంతవరకు హాస్యగాళ్ళకూ రౌడీలకూ వదిలేసిన యాస ఒక నాయిక నోట, అదీ సొంత గొంతుతో వినిపించింది. ప్రాకృతం మాట్లాడమన్న పాత్ర, ఆ భాషనే కథకు కేంద్రం చేసుకున్నట్లయింది. మరుసటి ఏడు 'మహానటి'లో సావిత్రిగా కీర్తి సురేష్ సొంత గొంతుతో నటించి జాతీయ ఉత్తమ నటి పురస్కారం తీసుకుంది. అదే సినిమాలో విలేఖరి మధురవాణికి నత్తి. అప్పటివరకు తెలుగులో వేరే గొంతుల మీద ఆధారపడిన సమంత ఆ పాత్రకు తానే మాట చెప్పుకుంది. మధురవాణి అని పేరుపెట్టి, మాధుర్యం కాక తడబాటుతో మాట్లాడించడం నాకు చాలా నచ్చింది. తడబడే గొంతుకూ కథ చెప్పే హక్కుందని ఆ పాత్ర చెప్పింది.

సరిగ్గా ఆ 2018లోనే ఇంకొక గొంతు వినిపించింది. 'ఏ మాయ చేసావె'తో (2010) మొదలుపెట్టి సమంత గొంతుగా తెలుగువాళ్ళకు పరిచయమైన గాయని చిన్మయి శ్రీపాద, ఆ అక్టోబరులో ఒక ప్రముఖ తమిళ గీత రచయిత మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది. నవంబరులో చెన్నైలోని డబ్బింగ్ కళాకారుల సంఘం, చందా బాకీ ఉందన్న కారణం చూపి ఆమె సభ్యత్వం తీసేసింది. ఆ కారణాన్ని ఆమె ఒప్పుకోలేదు. తమిళ తెర మీద త్రిషకు ఆమె గొంతు మళ్ళీ వినిపించడానికి 2023లో 'లియో' దాకా ఆగాల్సి వచ్చింది. ఇంతకాలం ఎవరి మాటలో తన గొంతుతో పలికినంతసేపూ ఆమె కోకిల. తన మాట తన గొంతుతో పలికిన రోజున మైకు ముందు చోటు పోయింది. నేను ఇందాకటి నుంచి చెప్తున్న నాటకశాస్త్రమంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది.

ఇప్పుడు యంత్రాలు మనిషి గొంతును నకలు తీస్తున్నాయి. కొద్దిసేపటి రికార్డింగు ఉంటే ఆ గొంతుతో ఏమైనా పలికించవచ్చు. గొంతును శరీరం నుంచి విడదీయడం ఇంత సులువయ్యాక, ఎవరి గొంతు, ఎవరి అనుమతితో, ఎవరి పేరుతో, ఎంత ప్రతిఫలంతో అన్న ప్రశ్నలు డబ్బింగ్ చెప్పే స్త్రీలను ముందుగా తాకుతాయి. పేరు లేని గొంతును దొంగిలించడం తేలిక కదా.

విమర్శకులుగా మనం చేయగలిగిందేమిటి? కొత్త కొలతలు తయారుచేసుకోవడం. నటి గొంతు తీయగా ఉందా అని అడగడం మానేసి వేరే ప్రశ్నలు అడుగుదాం. ఆ మాట ఏ లోతు నుంచి వచ్చింది, ఛాతీ నుంచా, గొంతు అంచు నుంచా? వాక్యం చివరిదాకా ఊపిరి నిలిచిందా? ఆగిన చోట అర్థం పుట్టిందా? ఆ పాత్ర పుట్టిన ఊరు, కులం, చేసే పని ఆ పలుకులో ఉన్నాయా, లేక ఎవరికీ చెందని సినిమా తెలుగు పలికిందా? ఆమెకు రిహార్సల్ సమయం ఎంత ఇచ్చారు? గొంతు ఆమెది కాకపోతే, అది ఎవరిదో తెర మీద పేరుందా? ఈ ప్రశ్నలతో సమీక్షలు రాయడం మొదలుపెడితే నటనను చూసే పద్ధతే మారుతుంది.

నాటకం నేర్పే చోట కూడా ఆడపిల్లలకు పాత్ర ఇవ్వడానికి ముందు ఊపిరి ఇవ్వాలి. నిండుగా పీల్చి, తొందరపడకుండా, నవ్వుతో కప్పకుండా, ఒక మాటను చివరి వరస దాకా పంపడం నేర్పాలి. ఆ గొంతు బొంగురుగా ఉండొచ్చు, గరుకుగా ఉండొచ్చు, నత్తిగా ఉండొచ్చు, కూరగాయల బండి వెనక పదునెక్కినదై ఉండొచ్చు. చివరి వరసలో కూర్చున్న ఆడమనిషికి ఆ మాట అందితే చాలు, అది మంచి వాచికం.